మందుల కర్మాగారానికి సోకిన జబ్బు

హైదరాబాదు నగరానికి పడమటి దిక్కున, కేంద్రీయ విశ్వవిద్యాలయపు ఆవరణకు చేరువలో ఉన్న గోపన్‌పల్లి ఒకప్పుడు పొలాలూ రాతిగుట్టలూ గల పల్లె. ఈనాడది కంప్యూటరు ఉద్యోగుల నివాసాలతో, అంతస్తుల మేడలతో నగరంలో కలిసిపోయింది. అక్కడ పెరుగుతున్న పిల్లలకు హైదరాబాదు సంపద అంటే కంప్యూటరు సంపదే. కాని ఈ నగరానికి అంతకుముందు మరొక యుగమున్నది. అది కర్మాగారాల యుగం. సనత్‌నగర్, బాలానగర్, రామచంద్రాపురం అనే పేర్లు ఆ కాలంలో ఉద్యోగానికీ గౌరవానికీ పర్యాయపదాలు.

బాలానగర్ నుండి కూకట్‌పల్లి పోయే దారిలో ఐ.డి.పి.ఎల్. అనే పేరు నేటికీ ఒక కాలనీకీ, ఒక బస్సుస్టాపుకూ మిగిలి ఉన్నది. ఆ అక్షరాలు దేనికి గుర్తో అక్కడ దిగే వారిలో ఎందరో ఎరుగరు. అది ఇండియన్ డ్రగ్స్ అండ్ ఫార్మాస్యూటికల్స్ లిమిటెడ్ అనే కేంద్రప్రభుత్వ సంస్థ పేరు. ఒకనాడు దేశానికి మందులు పోసిన ఆ సంస్థ తానే జబ్బుపడి, చికిత్స అందక, కన్నుమూసింది. ఆ జబ్బు ఏమిటి? అది కార్మికుల వల్ల వచ్చినదా, విధివశాన వచ్చినదా, నడిపించిన వారి వల్ల వచ్చినదా? ఈ ప్రశ్నకు జవాబు వెదకడం ఆ సంస్థ కోసం మాత్రమే కాదు. రేపు మన ఊళ్లలో వెలసే ప్రతి సంస్థకోసమూ అది అవసరం.

స్వాతంత్ర్యం వచ్చిన తొలి సంవత్సరాలలో మన దేశంలో మందుల పరిస్థితి దయనీయంగా ఉండేది. విదేశీ కంపెనీలు మూల ఔషధాన్ని తమ దేశాలలో తయారుచేసి, ఇక్కడికి తెచ్చి, మాత్రలుగా కట్టి, సీసాలలో నింపి అమ్మేవి. ధర వారు చెప్పినదే. అమెరికా సెనేటులో కెఫావర్ అధ్యక్షతన మందుల ధరలను విచారించిన ఉపసంఘం, కొన్ని మందుల ధరలు భారతదేశంలో ప్రపంచంలోకెల్లా హెచ్చు ధరలలో చేరుతాయని 1961లో తన నివేదికలో పేర్కొన్నది. సంపన్న దేశపు గృహస్థు కంటె బీద దేశపు గృహస్థు జ్వరపు మందుకు ఎక్కువ చెల్లించవలసి రావడం ఎంత విపరీతమో చెప్పనక్కరలేదు.

ఈ దుస్థితిని తప్పించడానికి మొదట పూనా సమీపాన పింప్రిలో హిందూస్థాన్ యాంటీబయోటిక్స్ కర్మాగారం నెలకొన్నది. అటుపిమ్మట సోవియట్ యూనియన్ సాంకేతిక సహాయంతో 1961లో ఐ.డి.పి.ఎల్. అవతరించింది. దానికి మూడు కర్మాగారాలు నిర్ణయించారు. హిమాలయ పాదంలో హృషీకేశం వద్ద పెన్సిలిన్ వంటి యాంటీబయోటిక్కులకు ఒకటి, మద్రాసులో శస్త్రచికిత్స పరికరాలకు ఒకటి, హైదరాబాదులో రసాయన ప్రక్రియలతో తయారయ్యే మందులకు ఒకటి. హైదరాబాదు కర్మాగారానికి బాలానగర్ వద్ద దాదాపు 900 ఎకరాల భూమి లభించింది. సల్ఫా మందులు, బి1, బి2 విటమిన్లు, నొప్పులకు వాడే అనాల్జిన్ మొదలైనవి అక్కడ తయారుకావలెనని సంకల్పం. 1960ల ఉత్తరార్ధంలో ఉత్పత్తి ప్రారంభమైంది. పక్కనే కాలనీ, బడి, ఆసుపత్రి వెలిశాయి. తార్నాకలోని ప్రాంతీయ పరిశోధనశాల, ఉస్మానియా విశ్వవిద్యాలయం అప్పటికే నగరాన్ని రసాయనశాస్త్రానికి అనువైన చోటుగా చేసి ఉన్నవి. కర్మాగారం రాకతో ఆ విద్యకు కార్యక్షేత్రం దొరికింది.

సంకల్పం గొప్పదే. కాని పునాదులలోనే ఒక లోపం చోటుచేసుకొన్నది. ఏ వస్తువు, ఎంత, ఎవరికోసం అనే మూడు ప్రశ్నలకు ముందుగా సరియైన జవాబులు రాబట్టకుండానే యంత్రాలు తెప్పించారు. మద్రాసు కర్మాగారమే దీనికి చక్కని నిదర్శనం. అక్కడ తయారైన కత్తెరలూ పట్టకార్లూ సోవియట్ నమూనాల ప్రకారం రూపొందినవి. మన శస్త్రవైద్యులు బ్రిటిష్ పద్ధతిలో శిక్షణ పొందినవారు. వారి చేతికి అలవడిన పరికరాల రూపం వేరు, బరువు వేరు. పైగా దేశపు గిరాకీకి మించిన ఉత్పత్తిశక్తిని అక్కడ నెలకొల్పారు. సరుకు నాణ్యమైనదైనా వాడేవాడు లేకపోతే అది గిడ్డంగిలో పేరుకొనే ఇనుమే అవుతుంది. నమూనాలు గీయకముందు పదిమంది సర్జన్లను పిలిచి అడిగి ఉంటే ఈ నష్టం చాలావరకు తప్పేది. అడగకపోవడం కార్మికుని తప్పు కాదు. అడగవలసిన పని యాజమాన్యానిది.

ఇంతటి తొలి తొట్రుపాటు తరువాత కూడ సంస్థ కోలుకొన్నది. 1970లో పార్లమెంటు ఆమోదించిన పేటెంటు చట్టం 1972లో అమలులోకి వచ్చింది. దాని ప్రకారం అప్పట్లో మందుకు పేటెంటు ఉండేది కాదు, తయారుచేసే పద్ధతికే పేటెంటు ఉండేది. మరొక పద్ధతిలో అదే మందును చేయగల రసాయనవేత్తకు దేశంలో తలుపులు తెరుచుకొన్నవి. మందుల పరిశ్రమను పరిశీలించిన జయసుఖలాల్ హాథీ సంఘం 1975లో ఇచ్చిన నివేదికలో ప్రభుత్వరంగానికి ప్రముఖ పాత్ర ఉండవలెనని సూచించింది. 1974 నుండి 1979 వరకు ఐ.డి.పి.ఎల్. లాభాలు గడించింది. ఇది మనం గట్టిగా గుర్తుంచుకొనవలసిన విషయం. అవే యంత్రాలతో, ఆ కార్మికులతోనే, అదే ప్రభుత్వపు యాజమాన్యంలో ఐదేండ్లు లాభం వచ్చినప్పుడు, ఆ సంస్థ పుట్టుకతోనే చావు రాసిపెట్టుకొని వచ్చినదని చెప్పడానికి వీలులేదు.

మరి ఆ మంచి రోజులలో సంపాదించిన బలాన్ని ఏంచేశారు? ఇక్కడే కథ మలుపు తిరిగింది. పాత కర్మాగారాలలోని పద్ధతులు కాలం చెల్లుతున్నవి. సూక్ష్మజీవుల జాతులను మెరుగుపరచి, అదే తొట్టిలో ఎక్కువ పెన్సిలిన్ తీసే విద్యలో ప్రపంచం ముందుకు సాగిపోతున్నది. రసాయన ప్రక్రియలలో ఒక్కొక్క మెట్టును తగ్గించి ఖర్చు తగ్గించుకొనడమే పోటీకి ప్రాణంగా మారుతున్నది. అట్టి సమయంలో సంస్థ చూపు లోపలికి కాక వెలుపలికి మళ్లింది. గుర్‌గావ్‌లో ఒక కర్మాగారం, బీహారులోని ముజఫర్‌పూర్‌లో మరొకటి వచ్చాయి. రాజస్థాన్, ఒడిశా, ఉత్తరప్రదేశ్ ప్రభుత్వాలతో కలిసి అనుబంధ సంస్థలు పుట్టాయి. ఒక్కొక్క రాష్ట్రానికి ఒక్కొక్క కర్మాగారం పంచిపెట్టడం రాజకీయంగా వినసొంపుగా ఉంటుంది. కాని మందు ధరను నిర్ణయించేది రాజకీయం కాదు, లెక్క. వేరుకు నీరు పోయవలసిన రోజులలో కొమ్మలు నాటుకొంటూ పోయారు.

1979లో మందుల ధరల నియంత్రణ ఉత్తర్వు వచ్చింది. అత్యవసరమైన మందులపై కంపెనీకి లభించే అదనపు వాటాకు హద్దులు విధించింది. మొదటి శ్రేణి మందులకు తయారీ ఖర్చుపై 40 శాతం, రెండవ శ్రేణికి 55 శాతం, మూడవ శ్రేణికి 100 శాతం. ప్రజల దృష్టిలో ఇది న్యాయమైన ఆలోచన. కాని చౌకగా అందవలసిన మందులను తయారుచేయడమే ఐ.డి.పి.ఎల్. పుట్టుకకు కారణం గనుక, ఆ హద్దుల బరువు దానిపైన హెచ్చుగా పడింది. 1979-80 నుండి నష్టాలు మొదలైనవి. 1982-83 నాటికి సంస్థ నికర విలువ, అనగా ఆస్తులలో అప్పులు పోగా మిగిలే మొత్తం, సున్నాకు దిగువకు జారింది.

ధరల నియంత్రణే సంస్థను చంపినదని వాదించేవారున్నారు. ఆ వాదంలో సగం నిజమున్నది. మిగతా సగం వేరొక చోట ఉన్నది. నియంత్రణ ప్రైవేటు కంపెనీలకూ వర్తించింది. వారు లాభం లేని మందులను తగ్గించుకొన్నారు, తయారీ పద్ధతులను మార్చుకొన్నారు, ఖర్చు తగ్గించారు. ప్రభుత్వసంస్థకు లాభంలేని మందును విడిచిపెట్టే స్వేచ్ఛ లేదనుకొందాం. అప్పుడు దాని పెద్దలు చేయవలసిన పని ఒకటున్నది. ప్రజాసేవగా చేస్తున్నది ఇంత, దాని ఖర్చు ఇంత, దానిని ప్రభుత్వం భరించవలె, మిగిలిన వ్యాపారానికి మేము జవాబుదారులం అని లెక్క విడదీసి చూపడం. అట్లా విడదీయనప్పుడు సేవకు అయిన నష్టమేదో, అసమర్థతకు అయిన నష్టమేదో తేలదు. ప్రతి లోపానికీ ప్రజాసేవ అనే దుప్పటి కప్పడానికి వీలు చిక్కుతుంది. ఆ దుప్పటి కింద జబ్బు ముదిరిపోతుంది.

పరిపాలన విధానం దీనికి తోడయింది. ఉన్నతాధికారుల నియామకం ఢిల్లీలో. పెట్టుబడికి అనుమతి ఢిల్లీలో. యంత్రం పక్కన నిలబడినవానికి లోపం తెలుసు, అధికారం లేదు. అధికారం ఉన్నవానికి సంతకం తెలుసు, యంత్రం తెలియదు. నష్టం వచ్చినప్పుడు మంత్రిత్వశాఖ కంపెనీని చూపుతుంది, కంపెనీ మంత్రిత్వశాఖను చూపుతుంది. పదిమందిలో పాము చావదన్న సామెత ఇటువంటి చోటనే పుట్టి ఉండవలె. అవసరానికి మించి సిబ్బందిని చేర్చుకొన్నారన్న విమర్శ కూడ తరచు వినిపిస్తుంది. అది నిజమైనంత మేరకు, ఉద్యోగంలో చేరినవానిది కాదు దోషం, చేర్చుకొన్నవానిది.

1992 ఆగస్టులో పారిశ్రామిక, ద్రవ్య పునర్నిర్మాణ మండలి ఐ.డి.పి.ఎల్.ను ఖాయిలా సంస్థగా ప్రకటించింది. నష్టాలు ప్రారంభమైన 12 ఏండ్లకు వైద్యుడు నాడి పట్టుకొన్నాడన్నమాట. 1994లో ఒక పునరుద్ధరణ ప్రణాళిక ఆమోదం పొందింది. ఆ ఏడే సూరత్ నగరంలో ప్లేగు భయం దేశాన్ని ఊపివేసినప్పుడు టెట్రాసైక్లిన్ సరఫరా చేసినవారిలో ఈ ఖాయిలా సంస్థ కూడ ఉన్నది. కాని పునరుద్ధరణకు కావలసిన సొమ్ము అనుకొన్న తీరున సమకూరలేదు, ప్రణాళిక విఫలమైంది. 1996లో ప్రధాన ఉత్పత్తి ఆగిపోయింది. వేలాది ఉద్యోగులు స్వచ్ఛంద పదవీ విరమణ పేరుతో ఇంటిదారి పట్టారు. పేరుకు స్వచ్ఛందమే గాని, జీతం రాని కర్మాగారంలో మిగిలి ఉండడానికి ఎవరికి ఇచ్ఛ ఉంటుంది? 2016 డిసెంబరు 28న కేంద్ర మంత్రివర్గం సంస్థను మూసివేయుటకు నిర్ణయించింది.

దోషం యాజమాన్యానిదే అనడానికి సాక్ష్యమేమని ఎవరైన అడగవచ్చు. ఆ సాక్ష్యం హైదరాబాదు నగరమంతటా పరచుకొని ఉన్నది. డాక్టరు కల్లం అంజిరెడ్డి పూనాలోని జాతీయ రసాయన ప్రయోగశాలలో పరిశోధన ముగించి 1969లో ఐ.డి.పి.ఎల్.లో చేరారు. కొన్నేండ్లు అక్కడ మందుల తయారీలోని మెళకువలు గ్రహించి, బయటికి వచ్చి, యూనిలాయిడ్స్, స్టాండర్డ్ ఆర్గానిక్స్ అనే సంస్థలలో పాలుపంచుకొని, 1984లో డాక్టర్ రెడ్డీస్ లేబొరేటరీస్ స్థాపించారు. దివీస్ సంస్థను 1990లో నెలకొల్పిన మురళి దివి, హెటెరోను 1993లో నెలకొల్పిన పార్థసారథిరెడ్డి అంజిరెడ్డి సంస్థలలో పనిచేసినవారే. జీడిమెట్ల, పటాన్‌చెరు, బొల్లారం పారిశ్రామికవాడలలో మూల ఔషధాల పరిశ్రమలు బారులుతీరాయి. వాటిలో ఐ.డి.పి.ఎల్.లో పని నేర్చిన చేతులకు కొదవలేదు. దేశపు మూల ఔషధాలకు హైదరాబాదు రాజధాని అన్న పేరు వచ్చింది. ఆ పరిశ్రమల వ్యర్థజలాల వల్ల పటాన్‌చెరు ప్రాంతపు చెరువులూ, నక్కవాగూ కలుషితమై రైతులు కష్టాల పాలైన మాటను కూడ మరువరాదు. అది వేరొక యాజమాన్యదోషపు కథ.

ఒక్క విషయం తేటతెల్లం. ఆ నగరమే, ఆ రసాయనశాస్త్రమే, ఆ ధరల చట్టమే, ఆ బాలానగర్ బడిలో చదివిన మనుషులే. ఒక గోడకు ఇవతల అవి నష్టాన్ని పండించాయి, అవతల లాభాన్ని పండించాయి. విత్తనం మంచిది, నేల మంచిది. సేద్యం చేయించినవారి తీరులో తేడా ఉన్నది. పెరటిచెట్టు మందుకు పనికిరాదంటారు. మన పెరటిలోని చెట్టు ఎందరికో మందయింది. దానికి నీరు పోయవలసినవారికి మాత్రం ఆ విలువ తెలియలేదు.

దీనినిబట్టి ప్రభుత్వసంస్థ అన్నది చెడిపోక తప్పదని తీర్మానించడం తొందరపాటు. గోపన్‌పల్లికి కొద్ది మైళ్ల దూరంలోనే రామచంద్రాపురంలో భారత్ హెవీ ఎలక్ట్రికల్స్ కర్మాగారమున్నది. అది కూడ 1960లలో పుట్టినదే. చెకోస్లొవేకియా సహాయంతో నెలకొన్నదే. దానికీ ఢిల్లీయే యజమాని. 1972లో ఆ సంస్థకు అధిపతిగా వచ్చిన వి. కృష్ణమూర్తి వేరువేరుగా నడుస్తున్న విద్యుత్పరికరాల కర్మాగారాలను ఒక గొడుగు కిందికి తెచ్చి, ముందుచూపుతో దీర్ఘకాలపు ప్రణాళిక వేసి, దాని ప్రకారం నడిపించారు. ఆ బలం మీద ఆ సంస్థ తరువాతి దశాబ్దాల ఆటుపోట్లను తట్టుకొని నిలిచింది. ఒకే తరపు ప్రభుత్వసంస్థలు రెండు, రెండూ ఒకే నగరానివి. ఒకటి నిలిచింది, ఒకటి కూలింది.

అట్లాగే ప్రైవేటు సంస్థ అయినంత మాత్రాన భద్రమని అనుకొనరాదు. మన కంప్యూటరు పేటల కీర్తిపతాకగా వెలిగిన సత్యం కంప్యూటర్స్ అధ్యక్షుడు, 2009 జనవరి 7న, లెక్కలలో లేని సొమ్మును ఉన్నట్లు చూపుతూ వచ్చామని తానే లేఖ వ్రాసి ఒప్పుకొన్నాడు. అక్కడ ప్రభుత్వం కొద్ది రోజులలోనే పాత డైరెక్టర్లను తొలగించి కొత్తవారిని నియమించింది. ఏప్రిల్ నెలలో సంస్థ టెక్ మహీంద్రా చేతికి వచ్చింది. వేలాది ఉద్యోగుల జీవనాధారం నిలిచింది. తప్పు ఎంత పెద్దదో గాని, చికిత్స నెలలలో జరిగింది. ఐ.డి.పి.ఎల్. విషయంలో మోసం ఎవరూ ఆరోపించనక్కరలేదు. అక్కడ చంపినది ఆలస్యం. నష్టం కనిపించిన నాడే నాడి పట్టుకొని ఉంటే ఆ 12 ఏండ్లు మిగిలేవి. చేతులు కాలిన తరువాత ఆకులు పట్టుకొన్న చందమయింది.

పోయినది ఒక కంపెనీ మాత్రమే అయితే ఇంతగా చింతించనక్కరలేదు. పోయినది ఒక విద్య. రసాయన ప్రక్రియలతో చేసే మందుల విద్యను ప్రైవేటు కంపెనీలు అందుకొని పెంచాయి. కాని పెద్దపెద్ద తొట్లలో సూక్ష్మజీవులను పెంచి పులియబెట్టి పెన్సిలిన్ తీసే హృషీకేశపు విద్యకు వారసులు నిలవలేదు. చైనా చౌకధరల ముందు దేశంలోని పెన్సిలిన్ కర్మాగారాలు ఒకటొకటిగా మూతపడ్డాయి. యాంటీబయోటిక్కుల ముడిపదార్థానికి పరదేశం వైపు చూడవలసి వచ్చింది. 2020లో కోవిడ్ వ్యాధి ప్రబలి రవాణా స్తంభించిన రోజులలో ఆ పరాధీనత ఎంత ప్రమాదమో దేశానికి తెలిసివచ్చింది. మూల ఔషధాల తయారీకి ప్రోత్సాహంగా కేంద్రం ఆ ఏడు 6,940 కోట్ల రూపాయల పథకం ప్రకటించింది. ఆ పథకం కింద హైదరాబాదుకు చెందిన అరబిందో సంస్థ కాకినాడ సమీపాన నెలకొల్పిన కర్మాగారంలో 2024లో పెన్సిలిన్ ఉత్పత్తి మొదలైంది. 1960లలో నేర్చిన పాఠాన్ని మరచి, మళ్లీ మొదటి తరగతిలో చేరవలసి వచ్చింది.

గృహస్థు ఇంటిలో మందు కొన్నప్పుడు సీసామీది పేరూ, గడువు తేదీ చూస్తాడు. సంస్థలకు కూడ గడువు తేదీ ఉంటుంది. కాని దానిని ముద్రించేది కాలం కాదు, నడిపించేవారు. కొనేవానిని అడిగి తయారుచేయడం, సేవనూ వ్యాపారాన్నీ వేరువేరు లెక్కలలో చూపడం, లాభం వచ్చిన ఏట పాత యంత్రాన్ని బాగుచేసుకొనడం, నష్టం వచ్చిన ఏటనే దానిని ఒప్పుకొనడం, ఏ నిర్ణయానికి ఎవరు జవాబుదారో పేరుపెట్టి చెప్పగలగడం. ఇవి కనీసపు పథ్యాలు. వీటిని పాటించని సంస్థ ఇనుముతో కట్టినదైనా, అద్దాలతో కట్టినదైనా నిలువదు. గోపన్‌పల్లి చుట్టూ ఈనాడు లేచి నిలిచిన అద్దాల మేడలలో పనిచేసే యువకులు, యాభై ఏండ్ల తరువాత తమ సంస్థల పేర్లు బస్సుస్టాపులకు మాత్రమే మిగలకుండ ఉండవలెనంటే, బాలానగర్‌లోని ఆ పాత కర్మాగారపు చరిత్రను ఒక్కసారి శ్రద్ధగా చదవడం మంచిది.